ఎవరూ లేని భూమి

మా అన్న జగపతికి భూమి అంటే ప్రాణం. ఆ భూమి మీద మనిషి కనబడితే మాత్రం పడదు. ఆ ఒక్క జబ్బుతో ఆఫ్రికాలో వంద ఎకరాలు పోగొట్టాడు. అందులో యాభై నావి. ఎలా పోయాయని అడిగితే జనగామలో ఆయన చెప్పుకుంటున్న కథ వేరు. చెల్లెలు ముంచిందంటున్నాడు. ముంచిన మాట నిజమే. ఎందుకు ముంచిందో కూడా చెబితే బాగుండేది, చెప్పడు కాబట్టి నేనే చెబుతున్నాను.

నా పేరు విమల. తొర్రూరు పక్క ఊళ్ళో జిల్లా పరిషత్తు బడిలో ఇంగ్లీషు టీచర్‌ని. ఆ దేశం పేరు మాత్రం రాయను. రాస్తే ఇంకెవడో బ్రోకరు దాన్ని పట్టుకుని, ఇంకెవరి కొంపో ముంచడానికి బయల్దేరుతాడు.

మాది భూపాలపల్లి జిల్లా ఘనపూర్ దగ్గర పల్లె. నాయిన పోయేనాటికి పద్దెనిమిది ఎకరాలు ఉండేది. మా ఇంట్లో నాగలి పట్టిన మగవాడిని నేను ఎరగను. దున్నింది సోమనర్సయ్య, ఆయన భార్య సోమక్క. కౌలుకు చేసేవాళ్ళు. ఆ కౌలులో మా ఇంటికి ఒక పద్ధతి ఉంది. ఒక చెలకలో ఒక మనిషిని రెండేళ్ళకు మించి ఉంచరు. ఎప్పుడో కౌలుదార్ల చట్టం వచ్చినప్పుడు మా తాత తన కౌలుదార్లకు ఇరవై ఎకరాలు పోగొట్టుకున్నాడట. ఆ దెబ్బ ఆయనకు తగిలింది, భయం మాత్రం మూడు తరాలకు అంటింది. రెండేళ్ళు కాగానే సోమక్క వాళ్ళను తూర్పు చెలక నుంచి పడమటి చెలకకు మార్చేవారు. మార్చడానికి వీల్లేని ఏడాది ఏమీ వేయకుండా భూమిని పడావు పెట్టేవారు. పంట పోయినా ఫర్వాలేదు, కాగితంలో ఇంకొకరి పేరు పడకూడదు. రసీదన్న మాటే లేదు. సోమక్క ఇరవై రెండేళ్ళు మా భూమి దున్నింది. కాగితాల్లో వెతికితే ఆమె ఎక్కడా లేదు.

తర్వాత ఓపెన్‌కాస్ట్ గని వచ్చింది. మా భూమి మొత్తం అందులో పోయింది. ఊళ్ళో మీటింగు పెట్టినప్పుడు మా అన్న మైకు పట్టుకుని, “మా తాతతండ్రులు చెమటోడ్చి దున్నిన భూమి! మమ్ముల అడగకుండ గుంజుకుంటరా?” అని అరిచాడు. చెమటోడ్చిన సోమనర్సయ్య వెనక వరుసలో నిలబడి చప్పట్లు కొట్టాడు. నేను కూడా కొట్టాను, దాచేదేముంది.

పరిహారం ఖాయమయ్యాక సోమక్క మా ఇంటికి వచ్చింది.

“పటేలా, గన్నేండ్లు దున్నినం. వచ్చేదాంట్ల మాకేమన్న దారి చూపియ్యరాదు?”

“నీ పేరు యాడున్నదే? ఒక్క చెలకల మూడేండ్లు ఉన్నట్టు కాగితం చూపియ్యి, నేనే ఇప్పిస్త,” అన్నాడు మా అన్న నవ్వుతూ.

ఆమె మొహం చూడలేక నేను వాకిలి దాకా వెంట పోయాను. “సోమక్కా, అన్న ఉత్తగనే అన్నడు. చూద్దాం తియ్యి. జర ఆగు,” అన్నాను. ఆమె ఆగింది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఆఫీసు వాళ్ళిచ్చిన గడువు దాటేదాకా ఆగింది. నేను మంచి మాట చెప్పాననే అనుకున్నాను. అన్న కటువుగా అంటే నేను మెత్తగా సర్దిచెప్పడం చిన్నప్పటినుంచీ ఉన్నదే. ఇంట్లో అందరూ దాన్ని నా మంచితనం అనేవాళ్ళు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

నాయిన రాసిన వీలునామాలో సగం నాది, కాబట్టి పరిహారంలోనూ సగం నాకు వచ్చింది. అదొక్కటే నాకు ఆయన నుంచి దక్కింది. నర్మెట్ట వైపు రెండు ఎకరాలు కొనుక్కుందామని నా ఆశ. అన్న అప్పటికే జనగామలో ప్లాట్ల వ్యాపారం మొదలుపెట్టాడు. హైదరాబాద్ బ్రోకరు ఒకడు ఆయనకు ఆఫ్రికా ఎక్కించాడు. “ఈడ గుంట జాగ రాని పైసలకు ఆడ ఎకరాలు వస్తయే! పదేండ్లు కండ్లు మూసుకుంటే సాలు,” అని నా చుట్టూ తిరిగాడు. నా మీద అంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో తర్వాత తెలిసింది. అక్కడ విదేశీయులకు ఒక పేరు మీద యాభై ఎకరాలే అమ్ముతారు. వంద కావాలంటే ఇంకో పేరు కావాలి. ఇంగ్లీషు వచ్చిన పేరైతే ఇంకా మంచిది. నాలుగు రోజులు గింజుకుని, నా వాటా డబ్బు పెట్టడానికి సరే అన్నాను.

చూసి రాయించుకోవడానికి ఇద్దరం పోయాం. ఎర్ర నేల, పక్కనే వాగు, నడుమెత్తు మొక్కజొన్న. ఐదు కుటుంబాలు సాగు చేసుకుంటున్నాయి. వాళ్ళ తరఫున మాట్లాడటానికి గ్రేస్ అనే ఆమె వచ్చింది. నా వయసే ఉంటుంది. తల మీద గుడ్డ కట్టుకుని, చేతిలోని కొడవలి పక్కన పెట్టి, నన్ను ‘టీచర్’ అని పిలిచింది. పాత యజమానికి పంటలో మూడో వంతు ఇచ్చేవాళ్ళమని, మీకూ అలాగే ఇస్తామని చెప్పింది. అన్నకు ఇంగ్లీషు రాదు, నేను తెలుగులో చెప్పాను.

“వద్దని చెప్పు. భూమి ఖాళీ గావాలె. ఒక్క మనిషి ఉండద్దు. రేపు కాదు, ఇయ్యాల పొమ్మను.”

“పంట మీదున్నది గదన్నా.”

“పంట తీసిండ్రంటె మల్ల ఇత్తనం ఏస్తరు. రెండు పంటలైతే నాదే అంటరు. నీకెరుక లేదా గీ సంగతి?”

గ్రేస్ నా మొహం కేసి చూస్తోంది. ‘ఇవాళే పొమ్మంటున్నాడు’ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా అన్న మంచివాడేనని, ఆలోచిస్తానంటున్నాడని, పంట చేతికొచ్చేదాకా ఉండొచ్చని చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. నాకు గొప్పగా అనిపించింది. తిరుగు విమానంలో హాయిగా నిద్రపోయాను.

తర్వాత మూడేళ్ళు ఆ భూమి అలాగే పడి ఉంది. మా అన్న దాని చుట్టూ హద్దురాళ్ళు పాతించి, వాటి మీద పసుపు రంగులో తెలుగు అక్షరాలతో ‘జగపతి’ అని రాయించాడు. ఆ దేశంలో ఆ పేరు చదవగలిగేవాడు ఒక్కడూ లేడు. ఆ ఫొటోలు మాత్రం జనగామ ఆఫీసులో పెద్దవి చేయించి తగిలించాడు. వచ్చిన ప్రతివాడికీ చూపించి, “ఒక్క పురుగు లేదు. అద్దం లెక్క ఉన్నది,” అనేవాడు.

పోయిన ఎండాకాలం అక్కడ కొత్త చట్టం వచ్చింది. నోటీసు నాకే వచ్చింది. విదేశీయులు కొని, మూడేళ్ళుగా సాగు చేయని భూమిని సర్కారు వెనక్కు తీసుకోవచ్చు. వాన లేకనో, ఇంకే ఆపద వల్లనో సాగు ఆగి ఉంటే ధర కట్టి ఇస్తారు. యజమాని కావాలని ఖాళీగా ఉంచితే మాత్రం పైసా ఇవ్వరు. అన్నకు ఫోన్లో చదివి వినిపించాను. ఆయన పకపకా నవ్వాడు.

“పిచ్చి దేశం! మన దగ్గర పడావు భూమికి గూడ పైసలిచ్చిండ్రు సర్కారోళ్ళు. ఖాళీగుంటే తప్పేందే? ఖాళీగుంటేనే గదా క్లియర్!”

అక్కడ ఒక లాయరును పెట్టుకున్నాం. మంచి లాయరే. రెండేళ్ళు వానలు తక్కువ పడ్డట్టు అక్కడి లెక్కల్లోనే ఉందట. విచారణలో ‘నీళ్ళు లేక సాగు చేయలేకపోయాం’ అని ఒక్క మాట చెబితే చాలు, ధర వస్తుందన్నాడు. ఎవరి పేరు మీది భూమికి వాళ్ళ ఖాతాలోనే వేస్తారని కూడా చెప్పాడు. ఇదంతా అన్నకు తెలుగులో రాసి పంపాను. ఆయన ఆ ఒక్క మాట దగ్గరే అడ్డం తిరిగాడు.

“నా భూమిల నీళ్ళు లేవని నా నోటితోని నేనే చెప్పాల్నా? నీళ్ళు లేవంటే రేటు సగం పడ్తది. ముప్పై ఏండ్ల సంది గీ భూముల ఎవ్వారంలనే ఉన్న. వకీలుగానికి భూమి సంగతి ఏం తెలుసు?”

ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. నేను వాదించలేదు. ఆయన ఏం మాట్లాడినా ఇంగ్లీషులో చెప్పేది నేనే కదా. ‘వానలు లేవు’ అని నేను చెప్పేస్తే సరిపోతుంది. ధర వస్తుంది, నా సగం నా ఖాతాలో పడుతుంది, నర్మెట్టలో నా రెండెకరాలు నేను కొనుక్కుంటాను. ఆ వాక్యాలు బడిలో ఖాళీ పీరియడ్‌లో రాసుకుని కంఠతా పట్టాను. అబద్ధం ఆడటానికి సిద్ధమయ్యే జనగామ బస్సెక్కాను.

విచారణ వీడియోలో, మన టైము మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు. ఇంటి ముందు గదిలో ఉన్న అన్న ఆఫీసులోనే కూర్చున్నాం. రజిత వదిన మంచినీళ్ళు పెట్టింది. కంప్యూటరు తెరవకముందే అన్న ఒక కాగితం నా ముందుకు తోశాడు. నా సగం ధర కూడా ఆయన ఖాతాలోనే వేయమని ఆ కాగితం.

“దీని మీద ఒక సంతకం కొట్టు.”

“నా పైసలు నా ఖాతాలనే పడనియ్యన్న.”

“నీ పైసలా? నీ పేరు కాగితం కోసం పెట్టిన. పేరున్నంత మాత్రాన భూమి నీదైతదా? సోమక్క ఇరవై ఏండ్లు దున్నింది, ఆమెదైందా?” అని, మళ్ళీ గొంతు తగ్గించి, “నీకేం తక్కువ చేస్తనే? అడిగినప్పుడల్ల ఇయ్యనా?” అన్నాడు.

“ముందు పని కానియ్యి,” అని కాగితం పక్కకు పెట్టాను. ఒళ్ళంతా మండిపోతోంది. అయినా పైకి తేలనివ్వలేదు. నా వాక్యాలు నాకున్నాయి. ధర రానీ, సంతకం చేయకుండా ఈయన మొహం ముందే లేచిపోతాను అనుకున్నాను. ఆ క్షణంలో నా లెక్క అంతే.

తెర మీద ఒక ముసలి అధికారి కనిపించాడు. ఆయన పక్క కుర్చీలో గ్రేస్. వెనక ఇంకొందరు, మూలన ఇంకో గడిలో మా లాయరు. ఆ భూమి తమకు ఇప్పించమని ఆ ఐదు కుటుంబాలూ దరఖాస్తు పెట్టాయట. అధికారి మొదట ఆమెనే అడిగాడు. ఎలా ఖాళీ చేశారో చెప్పమన్నాడు.

గ్రేస్ గొంతు పెంచలేదు. “కోతకు ఇంకా ఆరు వారాలు ఉంది. అన్న మంచివాడు, పంట అయ్యేదాకా ఉండండి అని టీచర్ చెప్పింది. మావాళ్ళు జిల్లా ఆఫీసుకు పోయి ఖాళీ చేయించడం ఆపించుకు వద్దామన్నారు. నేనే వద్దన్నాను. టీచర్ మాట ఇచ్చింది, ఆమె మొహంలో అబద్ధం లేదు అన్నాను. పన్నెండో రోజు ట్రాక్టర్లు వచ్చాయి. పంటను దున్నేశారు. ఆ ఏడాదంతా మావాళ్ళు నాతో మాట్లాడలేదు.”

నాకు ఈ సంగతి తెలియదు. కోత కోసుకునే పోయారనుకున్నాను. అసలు మూడేళ్ళలో ఒక్కసారైనా కనుక్కున్నానా అంటే, లేదు.

“ఏమంటున్నదే?” అన్నాడు అన్న.

“పంట మీద ట్రాక్టర్లు తోలిచ్చినవా?”

“మరి? బ్రోకరుకు ఫోన్ గొట్టి చెప్పిన. లేకుంటే కదులుతరా వాళ్ళు? గదంత ఇప్పుడెందుకు, రేటు సంగతి అడుగు.”

ఈయన చేసింది ఈయన ఎప్పుడూ చేసేదే. ఈ మనిషి నోట్లో ఉన్నది ఉన్నట్టుగా ఆ రోజు నేను చెప్పి ఉంటే, గ్రేస్ ఆ సాయంత్రమే జిల్లా ఆఫీసు మెట్లెక్కేది. జర ఆగమని నేను అనకపోయి ఉంటే సోమక్క గడువులోపలే అర్జీ పెట్టేది. వాళ్ళిద్దరి కాళ్ళూ కట్టేసింది నేను. అదీ ప్రేమగా. ఈయన మీద ఎంత అసహ్యం వేసిందో నా మీద నాకు అంతకు రెండింతలు వేసింది.

అధికారి మా వైపు తిరిగాడు. మూడేళ్ళు సాగు ఎందుకు చేయలేదని అడిగాడు. నేను తెలుగులో చెప్పాను.

అన్న చొక్కా సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. మన తహసీల్దారు ఆఫీసులో మాట్లాడినట్టే మొదలుపెట్టాడు.

“సార్, భూమిల నీళ్ళు మస్తుగున్నయి. పక్కపొంటే వాగు. నీళ్ళకు ఇబ్బందే లేదు. సాగు నేనే చెయ్యనియ్యలేదు. ఎవల్నన్న ఉండనిస్తే రేపు హక్కు అడుగుతరు. మా తాత కాలం నుంచి మాది గదే పద్ధతి, ఒక్కన్ని రెండేండ్లకు మించి ఉంచం. కొనంగనే అందర్ని ఎల్లగొట్టిచ్చిన. ఇయ్యాల్టికి ఒక్క మనిషి లేడు. కబ్జా లేదు, కిరికిరి లేదు. రేటు పెరిగేదాక గట్లనే ఉంచి అమ్ముదామనుకున్న. నాది బరాబర్ క్లియర్ భూమి సార్.”

ఇలా చెప్పి, “ఇగ మంచిగ చెప్పు,” అన్నాడు నాతో.

నేను కంఠతా పట్టిన వాక్యాలు నాలుక చివరనే ఉన్నాయి. మూడే మూడు వాక్యాలు. నేను వాటిని మింగి, మా అన్న మాటలు వరసగా చెప్పుకుంటూ పోయాను. నీళ్ళు పుష్కలంగా ఉన్నాయి. సాగు మేమే చేయనివ్వలేదు. ఉంటే హక్కు అడుగుతారని వెళ్ళగొట్టాం. ధర పెరిగాక అమ్మడానికి ఖాళీగా ఉంచాం. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీయలేదు. లాయరు తన కెమెరా ముందు నుదురు పట్టుకున్నాడు.

చివర నా మాట ఒకటి చెప్పాను. “పంట అయ్యేదాకా ఉండమని ఆయన అనలేదు. వెంటనే పొమ్మన్నాడు. ఉండొచ్చని అబద్ధం చెప్పింది నేను.”

గ్రేస్ తెరలోంచి నన్నే చూసింది. ఆ చూపులో క్షమ లాంటిది ఏమీ లేదు. ఎందుకుంటుంది?

అధికారి కళ్ళజోడు తీశాడు. “మేడమ్, సగం భూమి మీ పేరున ఉంది. మీ సమాధానం విడిగా చెప్పుకునే హక్కు మీకుంది. ఆ సంవత్సరాల్లో వానలు తక్కువని మా దగ్గర కూడా రాసి ఉంది. మీ సగానికి మీరు వేరే కారణం ఏమైనా చెబుతారా?” అన్నాడు.

లాయరు ముందుకు వంగాడు. ఇంతకంటే బార్లా తలుపు ఎవరు తెరుస్తారు? నా రెండెకరాలు, నాయిన ఇచ్చిన ఒకే ఒక్క వాటా, అంతా ఒక్క ‘అవును’లో ఉంది. నాకు ఏడుపు వచ్చింది. గొప్పకు చెప్పడం లేదు, ఆ డబ్బు నాకు కావాలి. చాలా కావాలి.

“వానలు తక్కువే,” అన్నాను. “కానీ మేము ఖాళీ చేయించింది వాన లేక కాదు.”

ఆయన రాసుకున్నాడు. ధర లేకుండా స్వాధీనం చేసుకునే కిందకే ఇది వస్తుందని, ఉత్తర్వు నెలలోపు పంపుతామని చెప్పి తెర మూసేశాడు.

మా అన్న కుర్చీ వెనక్కి వాలి కాళ్ళు చాపాడు. “అబ్బ! సార్ నాతోని ఒక్క ఎదురు మాట మాట్లాడలేదు. నోరు మూసుకుని రాసుకున్నడు. ఇయ్యాల మంచిగ చెప్పినవే విమలా. రజితా, చాయ్ పెట్టు! ఏమాయె, ఎప్పుడిస్తరట?”

“ఇయ్యరన్న.”

“అంటే?”

“కావాలని ఖాళీగ ఉంచినమని నువ్వే చెప్తివి. పైసా రాదు. నీదీ రాదు, నాదీ రాదు. భూమి ఆ ఐదిండ్లోళ్ళకు పోతది.”

ఆయన లేచి నిలబడ్డాడు. మొహం నల్లబడింది. వదిన వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

“నేనేమన్ననో గదే చెప్పినవా? ఉన్నదున్నట్టు?”

“ఉన్నదున్నట్టు.”

“నీకు తెలుసు గదనే! నేను నీళ్ళున్నయంటే నువ్వు లేవని చెప్పకపోతివి? జర మలిపి, మార్చి చెప్తె నీ సొమ్మేం పోతుండె? నీ సగం గూడ పాయె గదనే దరిద్రపుదానా!”

“పోయింది. మలిపి చెప్పబట్టే సోమక్క ఆగింది. మలిపి చెప్పబట్టే గా గ్రేస్ పంట పోయింది. నువ్వు అన్నమాట అన్నట్టు చెప్తే వాళ్ళు ఏనాడో నీ మీదికి వస్తుండిరి. నీ భూముల్ని ఇన్నేండ్లు కాపాడింది నీ కాగితాలనుకుంటున్నవా? నా నోరన్న. నా నోరు కాపాడింది.”

ఆయన చెయ్యెత్తాడు. నేను కదలలేదు. కొట్టకుండానే దించి, నేను సంతకం చేయని కాగితం చింపి నా కాళ్ళ దగ్గర పడేశాడు. “పో. నువ్వు సచ్చినవనుకుంట,” అన్నాడు. వదిన అటు తిరిగి కళ్ళు తుడుచుకుంటూ, “కోపంల అన్నడు విమలా, మనసుల పెట్టుకోకు, జర ఆగు,” అంది నాతో.

“లేదొదినె,” అన్నాను. “ఆయన అన్నది నాకు సాఫ్‌గ ఇనవడ్డది.”